స్వామివారి పులిహోరకు ఐదు వందల డెబ్భై ఒక్క గుర్రాలు

కుంకుడుకొండ నరసింహస్వామికి వాహనాల లోటు లేదు. బ్రహ్మోత్సవాల్లో ఒకరోజు గరుడుడు, ఒకరోజు శేషుడు, ఒకరోజు హనుమంతుడు స్వామిని మోస్తారు. అందరికీ వెండి తొడుగులున్నాయి. ఏడాదికోసారి చింతపండు పెట్టి తోముతారు కూడా. స్వామివారి ఆరగింపును కొండ మీదికి మోయడానికి మాత్రం ఒక పాత వ్యాను ఉండేది. దానికి వెండి తొడుగు మాట అటుంచి, ఎడమవైపు తలుపును కొబ్బరితాడుతో కట్టేవారు.

వంటశాల కొండ కింద ఉంది. కింద ఉన్న చక్రం బావి నీళ్ళతోనే స్వామికి వండాలని ఆచారం. వండినది మధ్యాహ్నం పన్నెండు లోపల ఆరు కిలోమీటర్ల ఘాట్ రోడ్డెక్కి గుడికి చేరాలి. తెర వేసి, గంట కొట్టి ఆరగింపు చేశాక, దాన్ని మిగతా అన్నంలో కలిపి, వచ్చిన మూడు వందల మందికీ వడ్డిస్తారు. పన్నెండు దాటితే అర్చకస్వామి రెండు అరటిపళ్ళు నివేదన చేసి తలుపులు వేసేస్తారు. ఆ రోజు వండినదంతా ఉత్త అన్నమే గాని ప్రసాదం కాదు. కొండ మీద ఎవరికీ విస్తరి పడదు.

సింగరాచార్యులు గారు ఆ వంటశాలకు పెద్ద. అయిదు తరాలుగా వాళ్ళింటి వాళ్ళే స్వామికి వండుతున్నారు. స్వామికంటే ముందు తనకు వాసన తగలకూడదని ముక్కుకు గుడ్డ కట్టుకుని వండుతారాయన. రుచి చూసే ప్రసక్తే లేదు. నలభై ఏళ్ళలో ఉప్పెక్కువైందని స్వామి ఒక్కసారీ అనలేదు. భక్తులు అప్పుడప్పుడు అనేవారు.

ఆ ఏడాది వ్యానుకు పదిహేనేళ్ళు నిండాయి. నిండిన బండి రోడ్డెక్కకూడదని ప్రభుత్వం వారి నిబంధన గనక, దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసేశారు. కొత్త వ్యాను వచ్చేదాకా నలుగురు మనుషులు కావళ్ళతో మెట్లదారిన మోయాలని నిర్ణయమైంది. మెట్లు ఏడు వందల పన్నెండు. నలుగురిలో ఒకరు సింగరాచార్యులు గారు. రెండో వారు వ్యాను నడిపిన డ్రైవరు దాలినాయుడు.

"మెట్లెక్కడానికి లైసెన్సు నేదు సామీ నాకు," అన్నాడు దాలినాయుడు మూడు వందలో మెట్టు మీద కూలబడి.

"నాకూ లేదు నాయనా. లే," అన్నారు ఆచార్యులు గారు.

ఇలా ఉండగా పైనుంచి రెండు ఉత్తర్వులు ఒకే కవరులో వచ్చాయి. ఆలయ కార్యనిర్వహణాధికారి త్రివిక్రమరావు గారు, అంటే అందరూ ఈవో గారనే పెద్దమనిషి, సిబ్బందినంతా పిలిచి చదివి వినిపించారు.

మొదటిది: "వాహనముల కొనుగోలులో అక్రమములు జరుగుచున్నట్లు దృష్టికి వచ్చినందున, ఇకమీదట ఏ దేవస్థానమైనను వాహనము కొనునపుడు దాని పేరు, రంగు, ఆకారము, వయస్సు మున్నగు ప్రలోభకర అంశములను బొత్తిగా పరిగణించరాదు. ఇంజిను యొక్క హార్స్ పవర్, అనగా గుర్రపు బలము ఎంత, ఒక్కొక్క గుర్రమునకు ధర ఎంత పడుచున్నది అను ఒక్క విషయమునే లెక్కించి, గుర్రము చవకగా వచ్చు వాహనమునే విధిగా కొనవలెను."

రెండోది: "ఆరగింపు వేళకు చేరకపోవుట ఏడాదిలో మూడు పర్యాయములు జరిగినచో, సదరు వంటశాలను మూసివేసి, యంత్రముల ద్వారా తయారగు పొట్లముల ప్రసాదమును ఆమోదిత సంస్థ నుండి తెప్పించుకొనవలెను."

సింగరాచార్యులు గారికి మొదటిది అర్థం కాలేదు. రెండోది బాగా అర్థమైంది.

"ఈవో గారూ, వ్యాను తొందరగా వస్తుందా అండీ?"

"టెండరు పిలుస్తున్నాం. పారదర్శకంగా జరుగుతుంది," అన్నారు ఈవో గారు. ఎప్పుడని అడిగితే పారదర్శకంగా అని చెప్పడం ఆయన అలవాటు.

టెండర్లు విప్పిన రోజున నాలుగు కవర్లు వచ్చాయి. మూడు మామూలు సరుకుల వ్యాన్లవి. ఒక్కొక్కటి ఆరేడు లక్షలు, బలం ఇరవై అయిదు గుర్రాలు. గుర్రానికి పాతికవేల దాకా పడుతోంది. నాలుగోది హైదరాబాదులో పాత కార్లమ్మే కొట్టు నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ళ నాటి ఇంగ్లీషు వాళ్ళ కారు. రెండు తలుపులు, పన్నెండు సిలిండర్లు, ఐదు వందల డెబ్భై ఒక్క గుర్రాలు. ధర నలభై ఒక్క లక్షలు. కొత్తలో నాలుగు కోట్లట. ఇంగ్లీషు వాళ్ళ ఠీవి ఎప్పుడూ అంతే, వాడకంలో పడ్డాక పదోవంతుకు దిగుతుంది.

ఈవో గారు లెక్క కట్టారు. మళ్ళీ కట్టారు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కట్టారు.

"గుర్రం ఏడు వేల నూట ఎనభై రూపాయలకు వస్తోంది," అన్నారు మెల్లగా. "వ్యాను గుర్రాల ధరకు ఇన్ని గుర్రాలు కొంటే కోటీ నలభై లక్షలయ్యేది. మనం కోటి రూపాయలు ఆదా చేస్తున్నాం."

"ఆ కోటి ఎక్కడుందండీ?" అని అడిగారు సింగరాచార్యులు గారు. ఆయనకు వెటకారం తెలియదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

"ఆదా అయింది గదండీ."

"అయి ఎక్కడుంది?"

"ఆదాలో ఉంది," అన్నారు ఈవో గారు. "ఆచార్లు గారూ, ఇది ఆర్థిక విషయం. మీరు పోపు సంగతి చూడండి."

నలభై ఒక్క లక్షలకూ శాశ్వత అన్నదానం డిపాజిట్టు విరిచారు. ఉత్తర్వు ప్రకారం కొనుగోలు సంఘంలో వాడుకదారుల ప్రతినిధి ఒకరుండాలి. వాడుకదారు స్వామి. ఆయన రాలేరు గనక సింగరాచార్యులు గారిని వేశారు.

ఇద్దరూ రైల్లో హైదరాబాదు వెళ్ళారు. ఆచార్యులు గారు పులిహోర గుండిగ ఒకటి గోనెపట్టాలో చుట్టి వెంట తీసుకెళ్ళారు. పిల్లకు పెళ్ళికొడుకును చూడబోయేటప్పుడు పిల్ల పొడుగు తెలిసుండాలి గదా అని ఆయన ఆలోచన.

కొట్టు యజమాని పేరు జయకృష్ణ. కారు మీద కప్పిన గుడ్డను గర్భగుడి తెర తీసినట్టు తీశాడు. లోపల్నించి ముదురాకుపచ్చ రంగులో ఒక పొడుగాటి బండి, పడుకున్న పులిలా, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో మెరిసింది. సింగరాచార్యులు గారు అప్రయత్నంగా దణ్ణం పెట్టారు. అందం ఎక్కడ కనిపించినా ఆయన పెడతారు.

"గ్రాండ్ టూరర్ అంటారు సార్ దీన్ని," అన్నాడు జయకృష్ణ. "అక్కడి ప్రభువులు ఒక దేశంలో టిఫిన్ చేసి, దీంట్లో కూర్చుని, మూడు సరిహద్దులు దాటి, ఇంకో దేశంలో భోజనానికి దిగేవారు. సింగిల్ ఓనర్. వారానికోసారి వాకిట్లో తుడిచి పెట్టుకున్నాడు తప్ప తిప్పలేదు. నాలుగు సెకన్లలో వంద స్పీడు అందుకుంటుంది."

"మాకూ భోజనం వేళకు చేరడమే కావాలి బాబూ," అన్నారు ఆచార్యులు గారు. "సరిహద్దులేం లేవు. ఆరు కిలోమీటర్లు. మరి గుండిగ ఎక్కడ పెట్టాలి?"

జయకృష్ణ ఆయన్నీ గుండిగనీ మార్చి మార్చి చూశాడు. అమ్మకందారు గనక నవ్వలేదు. "డిక్కీలో రెండు గోల్ఫ్ సంచులు పడతాయి స్వామీ."

ఈవో గారు రాసుకున్నారు: సామాను వసతి, రెండు సంచులు, సంతృప్తికరము.

డిక్కీలో గుండిగ పట్టలేదు. అంచు తగులుకుని బయటే ఉండిపోయింది. వెనకసీటులో పెడదామంటే వెనక తలుపుల్లేవు. జయకృష్ణ ఏదో మీట నొక్కాడు. ముందుసీటు సన్నగా మూలుగుతూ, పెద్దలకు సాష్టాంగపడబోయేవాడిలా తనంతట తాను ముందుకు వంగింది. సింగరాచార్యులు గారికి అది నచ్చింది. వినయం గల బండి అనుకున్నారు. ముగ్గురూ కలిసి గుండిగను ఏటవాలుగా తిప్పి, ఖాళీది గనక, వెనక్కి దూర్చారు. అప్పుడు ఆయన చెయ్యి సీటుకు తగిలింది. మెత్తగా, గోరువెచ్చగా ఉంది.

"ఇదేం గుడ్డ నాయనా?"

"గుడ్డా?" అన్నాడు జయకృష్ణ బాధగా. "అసలు తోలు స్వామీ. సీట్లు, తలుపులు, పైకప్పు, స్టీరింగు, అంతా తోలే. ఒక్క బండికి పదకొండు ఎడ్లు. చలిదేశంలో కొండల మీద పెంచుతారు. అక్కడ దోమలుండవు గనక తోలు మీద మచ్చ కూడా..."

సింగరాచార్యులు గారు రెండు చెవులూ మూసుకున్నారు. "నారాయణ, నారాయణ. ఈవో గారూ, తోలు మీద ఆరగింపు ఎలా పెడతామండీ?"

ఈవో గారు అరనిమిషం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఉత్తర్వు తయారైంది. "సదరు తోలు విదేశీ తోలు అయినందున, దేశీయ ఆచార నిబంధనలు దానికి వర్తించవు," అన్నారు. తిరుగు రైల్లో దాన్ని కాగితం మీద పెట్టి సంతకం కూడా చేశారు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే, ఆచార్యులు గారి భార్య వేదవల్లమ్మ గారు చింతపండు పిసుకుతూ విన్నారు.

"తోలు మీద ఆరగింపు తళిగ పెడతారా? మీ నాన్నగారుంటే చక్రం బావిలో దూకేవారు."

"దూకరు. ఆయన దూకితే ఆ నీళ్ళు వంటకు పనికిరావు. అది ఆయనకు తెలుసు."

"మీరూ ఊరుకోండి, వాళ్ళకు తగ్గట్టే ఉన్నారు. ఆ పొట్లాలు రాకుండా చూడండి ముందు. యంత్రానికి ముక్కు గుడ్డ ఎవరు కడతారు?"

బండి రానే వచ్చింది. మామిడాకులు కట్టారు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. బండి నిమ్మకాయ ఎక్కలేక డొక్క నేలకు రాసుకుని ఆగిపోయింది. దాలినాయుడు దిగి నిమ్మకాయలు చేత్తో నలిపాడు. ఘాట్ రోడ్డు మీద పదకొండు స్పీడ్ బ్రేకర్లుంటే, బండి సౌకర్యార్థం వాటిని తవ్వించేశారు. తోలు మీద సింగరాచార్యులు గారు ముందు పీటలు పరిచారు, పీటల మీద తడిపిన పంచె, దాని మీద దర్భలు, వాటి మీద లోపలికి పట్టే చిన్న గుండిగలు. పైకప్పు తోలును ఏం చెయ్యాలో తోచక, "స్వామీ, అది ఆకాశమనుకో," అని చెప్పుకున్నారు.

మొదటిరోజు పదకొండున్నరకు దాలినాయుడు స్టీరింగుకు మొక్కి, పాత వ్యాను అలవాటు చొప్పున పెడలును గట్టిగా తొక్కాడు. పాత వ్యానును అలా తొక్కితే ఆలోచించి, దగ్గి, కదిలేది. ఇది ఆలోచించలేదు. ఐదు వందల డెబ్భై ఒక్క గుర్రాలూ ఒక్కసారి లేచాయి. నాలుగు సెకన్లలో బండి మొదటి మలుపు దగ్గరుంది. అక్కడ దాలినాయుడు బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. ముక్కల పులుసు ఆగలేదు.

సింగరాచార్యులు గారు ముఖం మీది గుమ్మడిముక్క తీసుకుంటూ పైకి చూశారు. ఆకాశం నుంచి పులుసు చుక్కలు పడుతున్నాయి.

"నానేటి సెయ్యలేదు సామీ," అన్నాడు దాలినాయుడు. "కాలు ఆనించినాను, అంతే. ఇది బండి కాదు. గాలిదేవుడు పూనినోడు."

ఆరోజు స్వామి అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. కొండ మీద మూడు వందల మంది మంచినీళ్ళు తాగి దిగారు. రికార్డులో ఒకటి పడింది.

తరవాత ఈవో గారు వేగం ఇరవై దాటరాదని ఉత్తర్వు వేశారు. ఇరవైలో బండి లీటరుకు మూడు కిలోమీటర్లు పోతూ, పరాభవం పొందిన జమీందారులా గుర్రుమంటూ కొండెక్కేది. మూడు వారాలు వేళకే చేరింది. నాలుగో వారం సగం దారిలో ముందు అద్దం కింద ఒక ఎర్రదీపం వెలిగి, లోపల్నించి ఒక దొరసాని గొంతు ఏదో చెప్పి, బండి నిలిచిపోయింది.

"ఏమంటోంది నాయనా?"

"ఏటో సెప్తంది సామీ. గౌరవంగానే సెప్తంది."

దాన్ని విప్పడానికి దాలినాయుడి దగ్గర స్పానర్లున్నాయి గాని, విప్పడానికి దానికి మరలు కనబడలేదు. హైదరాబాదు నుంచి కంప్యూటరు పట్టుకుని మనిషి రావాలట. రెండు గుండిగలు మోసుకుని ఇద్దరూ పరుగెత్తారు. గుడి తలుపులు పన్నెండుకు మూశారు. వీళ్ళు చేరేసరికి పన్నెండూ నాలుగు. మెట్ల పక్కన తులసిమాలలమ్మే ముసలమ్మ వీళ్ళను చూసి, విస్తరాకు మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది సింగరాచార్యులు గారికి.

రికార్డులో రెండు పడ్డాయి.

బండి బాగయ్యాక, ఆ నెలలోనే ఆడిటు అధికారి కామేశం గారు తనిఖీకి వచ్చారు. బక్కపలచని మనిషి. భక్తుడే. ముందు దర్శనం చేసుకుని, పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకుని, తరవాతే ఫైలు తెరిచారు. పులుసు మరకల గురించి అడగలేదు. పెట్రోలు గురించి అడగలేదు. ఒకే ఒక్క అభ్యంతరం రాశారు.

"పూర్వపు వ్యాను ఇరవై అయిదు గుర్రములతో ఆరగింపును చేరవేసినట్లు రికార్డులు చెప్పుచున్నవి. ప్రస్తుతము ఐదు వందల డెబ్భై ఒకటి కలవు. తక్కిన ఐదు వందల నలభై ఆరు గుర్రములు ఏ పనియు లేక ఊరక యున్నవి. దేవుని సొమ్ముతో కొన్న గుర్రములను ఖాళీగా కూర్చుండబెట్టుటకు కారణములు తెలుపవలెను."

ఈవో గారు ఆ రాత్రి నిద్రపోలేదని మర్నాడు కళ్ళు చూస్తేనే తెలిసింది. కానీ ముఖంలో ఏదో వెలుగుంది. పదింటికల్లా ఉత్తర్వు బయటికొచ్చింది. ఊరికే ఉన్న గుర్రాలను చుట్టుపక్కల ఎనిమిది దేవస్థానాలకు, తలా అరవై ఎనిమిది చొప్పున కేటాయించారు. ఇంకా రెండు గుర్రాలు మిగిలితే వాటిని ఈవో గారి అధికారిక పర్యటనల పద్దు కింద ఉంచారు. వంటశాలకు మాత్రం ముందునుంచీ ఉన్న ఇరవై అయిదూ ఉంటాయి.

"కాగితం మీదే గదండీ?" అని అడిగారు సింగరాచార్యులు గారు ఆశగా.

"కాగితం మీద ఉన్నదాన్ని 'మీదే' అనకూడదు ఆచార్లు గారూ. ఉండాల్సింది అక్కడే."

కాగితం ఎనిమిది చోట్లకూ వెళ్ళింది. ఆ ఎనిమిది గుళ్ళూ కొత్త వ్యాన్లకు పెట్టుకున్న అర్జీలు వెంటనే తిరిగొచ్చాయి: "తమకు ఇదివరకే అరవై ఎనిమిది గుర్రములు గలవు." దాంతో ఎనిమిది మంది ఈవోలు మా గుర్రాలు మాకు పంపండని కుంకుడుకొండ మీద పడ్డారు. నాగావళి లంకలో ఉన్న గోపాలస్వామి గుడి వారైతే, తమ గుర్రాలు ఏరు దాటడానికి వంతెన మంజూరు చేయాలని ప్రతిపాదన పంపారు. అది పరిశీలనలో పడింది.

గుర్రాలను విడదీసి పంపే వీలు లేదు గనక, కాలాన్ని విడదీశారు. ఇరవై నాలుగు గంటలనూ ఐదు వందల డెబ్భై ఒకటితో భాగించి, ఎవరి గుర్రాలకు తగ్గట్టు వారికి పంచారు. ఒక్కో గుడికి రెండు గంటలా యాభై ఒక్క నిమిషాలొచ్చాయి. వంటశాల వంతు గంటా మూడు నిమిషాలు. ఈవో గారి రెండు గుర్రాలకూ కలిపి ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఎక్కడికీ పోయి రాలేక, ఆయన రోజూ ఆ కాస్తసేపూ బండిలో ఏసీ వేసుకుని కూర్చుని దిగేవారు.

ఎవరి వేళ ఎప్పుడో చీట్లు వేసి తీశారు. వంటశాలకు పొద్దున్న ఆరు నుంచి ఏడూ మూడు దాకా వచ్చింది. ఆ వేళకు వంటశాలలో పొయ్యి అంటుకోదు.

సింగరాచార్యులు గారు ఈవో గారి గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆరింటికి ఖాళీ గుండిగలు తప్ప పంపడానికేమీ ఉండదండీ."

"మీ గుర్రాలు మీకు హాజరవుతున్నాయా లేదా?"

"అవుతున్నాయండీ. కానీ స్వామి మధ్యాహ్నం తింటారు."

"స్వామివారి భోజన వేళను సవరించే అధికారం నాకు లేదు," అన్నారు ఈవో గారు నిజాయితీగా. "పైకి రాస్తాను."

మళ్ళీ కావళ్ళు, మళ్ళీ ఏడు వందల పన్నెండు మెట్లు. బండి ఎనిమిది ఊళ్ళూ తిరిగేందుకు ముగ్గురు డ్రైవర్లను వేశారు గనక దాలినాయుడు లేడు. మోసేవాళ్ళు ముగ్గురే. వైశాఖం ఎండ. సింగరాచార్యులు గారు పన్నెండుకు రెండు నిమిషాల ముందు చేరిన రోజులున్నాయి, అర నిమిషం ముందు చేరిన రోజులున్నాయి. ఒకరోజు ఆరువందలో మెట్టు మీద మోకాలు మడత పడి కూర్చుండిపోతే, దర్శనానికి వచ్చిన పెళ్ళివారు కావడి అందుకుని పరుగెత్తారు. ఆ పూట గడిచింది.

రాత్రి వేదవల్లమ్మ గారు మోకాలికి ఆముదం రాస్తూ అన్నారు, "నలభై ఏళ్ళు వండారు. ఇంక వాళ్ళ పొట్లాలే తెచ్చుకోమనండి."

"అదేంటే, నువ్వే గదా అన్నావు..."

"అన్నాను. ఈ మోకాలు చూడకముందు అన్నాను." ఆవిడ ఆముదం గిన్నె పక్కన పెట్టారు. "మీకు ఏం కావాలన్నా ఆ ఈవోనే అడగాలా? వంటశాలకు పెద్దన్నారు, మీ అంతట మీరు కొనుక్కునేది ఒక్కటీ లేదూ?"

"ఉందే. పాత్రసామాను. గరిటె దగ్గర్నుంచి గంగాళం దాకా, రెండు లక్షల లోపు నేనే రాసి పంపచ్చు. టెండరుండదు."

"మరి మీ తాతగారు చక్రాల గంగాళం చేయించారు కదా, బియ్యం కడిగి లాక్కొచ్చేందుకు. అది ఏ పద్దులో ఉండేది?"

సింగరాచార్యులు గారు ఆముదం కారుతున్న కాలితోనే లేచి, పాత్రల రిజిస్టరు పెట్టె దగ్గరికి నడిచారు.

మర్నాడంతా ఆయన మథనపడ్డారు. అబద్ధం రాయకూడదు. అబద్ధం రాసిన చేత్తో స్వామికి వండలేరు. చివరికి స్నానం చేసి, నుదుట తిరుమణి దిద్దుకుని, ఇలా రాశారు: "వంటశాల ఉపయోగార్థము, గంగాళము ఒకటి. ఇనుముతో చేసినది. పైన మూత గలదు. చక్రములు మూడు. తనంతట తాను కదులును. నలభై కుంచముల అన్నము పట్టును. వాడినది. ధర లక్షా ముప్పై వేలు." కింద ఒక వాక్యం: "పూర్వోదాహరణ: 1957వ సంవత్సరపు రిజిస్టరు, చక్రముల గంగాళము, ఒకటి."

ఒక్కొక్క మాటా స్వామికి చదివి వినిపించి, ఏదైనా తప్పుంటే పువ్వు రాల్చమన్నారు. పువ్వు రాలలేదు.

ఈవో గారు కాగితం చదివారు. మళ్ళీ చదివారు. బల్ల మీద ఎనిమిది మంది ఈవోల ఉత్తరాలు గుట్టగా ఉన్నాయి. ఫోను మోగుతూనే ఉంది.

"తనంతట తాను కదులును అంటే?"

"ఎవరూ మొయ్యక్కర్లేదండీ."

"దీనికి గుర్రాలేమైనా ఉన్నాయా?"

"ఆ రిజిస్టరులో గుర్రాల గడి లేదండీ. ఎన్ని కుంచాలు పడుతుందన్న గడే ఉంది."

ఈవో గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆకుపచ్చ బండి వాకిట్లో ఉంది. ఆయన ఐదు నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి. నాగావళి లంక వాళ్ళ వంతు నడుస్తోంది గనక, వంతెన కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది.

"మీరు అమాయకులనుకున్నాను ఆచార్లు గారూ."

"అమాయకుణ్ణేనండీ. మీ దగ్గర ఆరు నెలలుగా నేర్చుకుంటున్నాను."

ఈవో గారు నవ్వలేదు. కానీ పూర్వోదాహరణ అన్న మాట కింద ఆకుపచ్చ సిరాతో గీత గీసి, దాన్ని కాసేపు ముద్దుగా చూసుకుని, సంతకం పెట్టేశారు.

వారం తిరక్కుండా గంగాళం వచ్చింది. అది దాలినాయుడి బావమరిది మువ్వలవలస నుంచి కొబ్బరికాయలు తోలుకునే సరుకుల ఆటో. రేకుసీటు. తోలు లేదు. డ్రైవరు కావాలని రాయడానికి వీల్లేదు గనక, దాలినాయుణ్ణి "గంగాళము కదుపువాడు" అన్న పోస్టులో వంటశాలకు మార్చారు. మొదటిరోజు పదకొండున్నరకు బయల్దేరి, అది ప్రతి మలుపులోనూ ఆలోచించి, దగ్గి, పన్నెండుకు పది నిమిషాలుండగా గుడి ముందు ఆగింది. పులుసు గుండిగలోనే ఉంది. తెర పడింది, గంట మోగింది, మూడు వందల విస్తర్లు పడ్డాయి. తులసిమాలల ముసలమ్మ రెండోసారి పులుసు అడిగి, ఉప్పు తక్కువైందంది. సింగరాచార్యులు గారికి ప్రాణం లేచి వచ్చింది. ఆ ఏడాది రికార్డులో మూడు పడలేదు.

పాత్రలకు కూడా ఒక నిబంధన ఉందని తరవాత తెలిసింది. వంటపాత్ర ప్రతిదానికీ ఏటా కళాయి వేయించి, వేసినట్టు ధ్రువపత్రం జతచేయాలి. ఉగాది ముందు కళాయి మస్తాన్ సాయిబు కొలిమి పెట్టె తెచ్చుకుని, ఆటో చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎక్కడ వెయ్యమంటారు స్వామీ?"

"నీ ఇష్టం నాయనా. లోపలివైపు మాత్రం వెయ్యి."

సాయిబు వెనక రేకుమీద అరచేతి మేర నవాసాగరం రుద్ది, తగరం కరిగించి, దూదితో మెరిసేలా తుడిచాడు. తరవాత ముక్కాలిపీట మీద కూర్చుని, అచ్చువేసిన కాగితంలో ఖాళీలు నింపి, సంతకం చేశాడు: "గంగాళము ఒకటి పరీక్షించితిని. కళాయి నాణ్యముగా నున్నది. ఇందులో పెట్టిన ఆహారము చెడదు."

సింగరాచార్యులు గారు దాన్ని రెండుసార్లు చదువుకుని ఫైల్లో పెట్టారు. దేవస్థానం ఫైళ్ళన్నిట్లోకీ అక్షరం పొల్లు పోకుండా నిజమైన కాగితం అదొక్కటే. పన్నెండు లోపలే స్వామి ముందుకు వెళ్ళి, పన్నెండున్నరకు మూడు వందల కడుపుల్లోకి వెళ్ళే అన్నానికి చెడడానికి వ్యవధి ఏదీ?